తూకం వేళ పెట్టే టోపీ

పసుపుపచ్చ గుడ్డను నల్లదారంతో కుట్టడం దగ్గర మొదలైంది ఆ పొద్దుటి గొడవ.

"తెల్లదారం డబ్బాలనే ఉంది గదా అత్తమ్మా. పసుపు గుడ్డకు నల్లదారమేంది? చూసేటోళ్ళు నవ్వుతరు," అంది వేదశ్రీ, అరచేతిలో ఇమిడే టోపీని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"చూసేటోళ్ళ కోసమే నల్లదారం." కోమలవల్లి పొయ్యి మీది అన్నం వైపు నుంచి తల తిప్పలేదు. "వాళ్ళ కండ్లు గా దారం మీదనే ఆగాలె. పిల్ల దాకా పోవద్దు."

"జరీ అంచు గుచ్చుకుంటది. పాప నెత్తి ఇంకా మెత్తగనే ఉంది."

"లోపల మల్లుగుడ్డ పెట్టిన. రెండు మడతలు పెట్టిన. గుచ్చుకోదు."

"ఊలు టోపీ ఉండంగ ఇదెందుకు మళ్ళ?"

"గది దినమంతా పెట్టుకో, నేనొద్దన్ననా? ఇది తూకం వేళకు పెట్టు."

గుమ్మంలో స్కూటర్ తాళాలు వెతుక్కుంటున్న రఘునాథ్ విసుక్కున్నాడు. "జానెడు టోపీకి ఇంత లొల్లేంది? రెండూ సంచిలెయ్యి. నాకు కోర్టు టైమైతుంది." నయాపూల్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో అతను గుమాస్తా. పొద్దున్నే భార్యను ఆసుపత్రి గేటు ముందు దింపి అటు వెళ్తాడు.

వేదశ్రీ రెండూ సంచిలో వేసింది. గొడవ టోపీ గురించి కాదని ఆమెకు తెలుసు. అత్తగారికి ఆసుపత్రి తక్కెడంటే పడదు. పసిబిడ్డను తూచితే ఎదుగుదల అక్కడికక్కడే ఆగిపోతుందని ఆమె నమ్మకం. ఇక్కడేమో రోజూ తూచుతారు. తూచి ఊరుకోరు, అంకెను పైకి చదువుతారు. గదిలో ఉన్న తల్లులందరూ వింటారు.

మామగారు శ్రీపాద ఉప్పుగూడలో ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడిలో అర్చకులు. స్వామికి కట్టి తీసిన పట్టుబట్టను, పెద్దవాళ్ళెవరైనా దర్శనానికి వస్తే తలకు చుట్టి ఆశీర్వదిస్తారు. ఆ శేషవస్త్రంలోంచి ఓ ముక్క అడిగి తీసుకుని మనవరాలికి టోపీ కుట్టింది కోమలవల్లి. స్వామి గుడ్డ తల మీద ఉండగా ఎవరి కళ్ళూ ఏమీ చేయలేవు. అది తలమీదే ఉండాలి, నడుముకు చుట్టేది కాదు. ఆ మాట కూడా రెండుసార్లు చెప్పి పంపింది.

నెలలు నిండని పిల్లల గది ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళే ముందు గాజులు, ఉంగరాలు తీసి పెట్టాలి. మోచేతుల దాకా సబ్బు రుద్దుకోవాలి. పిల్లల ఒంటి మీద దారాలు, తాయెత్తులు ఉండకూడదు. పాపను ఈ గదికి తెచ్చిన రోజునే మణికట్టుకు కట్టిన నల్లదారాన్ని సిస్టరు కత్తెరతో కత్తిరించి చెత్తడబ్బాలో పడేసింది. అద్దం అవతలి నుంచి కోమలవల్లి అది చూసింది.

ఏడో నెల దాటి ఎనిమిదిలో పడుతుండగా పుట్టింది పాప. చేతి వేళ్ళు అగ్గిపుల్లల్లా ఉండేవి. ముక్కులోంచి సన్నటి గొట్టం, దాని గుండా పాలు. తల్లి పిండి ఇచ్చిన పాలలో బలానికి ఏదో పొడి కలిపి పోసేవారు. ఈ మధ్యే గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టారు. ఒక్కో చుక్క పెదాల మీద వేసి, మింగిందో లేదో గొంతు వైపు చూసి, మళ్ళీ ఇంకో చుక్క. ఒక్క గిన్నె అయ్యేసరికి వేదశ్రీ మెడ పట్టేసేది.

"వరసగా మూడ్రోజులు బరువు పెరగాలి. పాలు తాగడంలో అలిసిపోకూడదు. అప్పుడు ఇంటికి పంపుతా," అంది డాక్టరు స్రవ్య. ఆమె మాటలు ఎప్పుడూ తూచినట్టే ఉంటాయి.

పక్క మంచం ఆఫ్షీన్‌ది. కార్వాన్ నుంచి వస్తుంది. ఇరవై దాటి ఎంతో కాలేదు, తొలి కాన్పు. కొడుకు. ఇద్దరు పిల్లలూ ఇంచుమించు ఒకే బరువున్నారు. అందుకని సిస్టరు ఒకరి తర్వాత ఒకరిని తూచేది.

మిషను మీద మెత్తటి గుడ్డ పరిచి మీట నొక్కితే సున్నా వచ్చేది. ఏసీ చలికి పిల్లల్ని పూర్తిగా విప్పరు. టోపీ, లంగోటీ ఉంచి తూచి, రెండింటికీ కలిపి ఇంత అని ఓ లెక్క తీసేస్తారు. వేదశ్రీ ఊలు టోపీ తీసి జరీ టోపీ పెట్టింది. పాప కళ్ళు తెరవకుండానే మొహం చిట్లించింది.

"అబ్బో, పెండ్లికూతురు తయారైంది," అంది సిస్టరు. అంకె చూసి, తీసివేత చేసి, "ఇరవై గ్రాములు పెరిగింది. శెభాష్," అంది.

వేదశ్రీ పాపను మిషను మీది నుంచి ఎత్తుకుంది. ఇరవై గ్రాములంటే ఎంత? ఓ గుప్పెడు అటుకులు. కానీ ఈ గదిలో ఆ అంకె కోసం తల్లులు తెల్లవారుజామునే లేచి పాలు పిండుకుంటారు. అంకె తగ్గితే ఆ రోజు అన్నం ముద్ద దిగదు.

ఆఫ్షీన్ కొడుకు ఎనిమిది గ్రాములు పెరిగాడు.

"ఏమ్మా, తింటున్నవా లేదా? ఎనిమిదేంది? పక్క మంచం చూడు," అంది సిస్టరు. "అదే గది, అదే చలి, అదే మిషిన్."

ఆఫ్షీన్ దుపట్టా అంచు నోట్లో పెట్టుకుని నిలబడింది. తర్వాత ఇద్దరూ పిల్లల్ని ఎదకు అంటించుకుని, గౌను కట్టేసుకుని కుర్చీల్లో కూర్చున్నప్పుడు వేదశ్రీ మెల్లగా అంది. "మెంతిపొడి తిను. శొంఠి నెయ్యి కూడ. మా అత్తమ్మ రోజు చేసి పెడ్తది. రేపు నీకు కొంచెం తెస్త."

"తింటనే ఉన్న అక్కా," అంది ఆఫ్షీన్. "పిండేటప్పుడు భయమైతది. భయమైతే ఇంకా వస్తలేవు."

"భయపడొద్దు మరి."

ఆ మాట అంటుంటే తన గొంతులో ఓ చిన్న దర్జా పలకడం వేదశ్రీకి వినిపించింది. వినిపించినా ఆపుకోలేదు.

బయట వరండా బెంచీ మీద కోమలవల్లి, ఆఫ్షీన్ అత్త ఖైసర్ బేగం మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. ఖైసర్ బేగం ఫ్లాస్కులోని చాయ్ కోమలవల్లి తాగదు. కోమలవల్లి ఇచ్చిన అరటిపండు మాత్రం ఖైసర్ బేగం ఒలిచి తినేస్తుంది. "తుమారా మై ఖాతూఁ, హమారా తుమ్ నై పీతే. మీది నేను తింట, మాది మీరు తాగరు. గిదేం ఇన్సాఫ్ అమ్మా?" అని ఖైసర్ బేగం వేళాకోళం చేస్తే ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ రోజు వెళ్ళేటప్పుడు ఖైసర్ బేగం కొంగు ముడి విప్పి, రాగి గొట్టంలో పెట్టిన తాయెత్తు ఒకటి కోమలవల్లి చేతిలో పెట్టింది. "దర్గా నుంచి రెండు తెచ్చిన. ఒకటి మా ఆఫ్షీన్ దండచేతికి కట్టిన. ఇది మీ పోరికి. ఫికర్ నక్కో కరో, రంది పెట్టుకోవద్దు."

రాత్రి ఇంటికి తెచ్చిన టోపీ మీద మర్నాడు నల్ల కుట్లు ఇంకో వరస పెరిగాయి. వేదశ్రీ చూసింది. ఊడిందేమో, మళ్ళీ కుట్టినట్టుంది అనుకుంది. పాప ఇంకో ఇరవై పెరిగింది. డాక్టరు స్రవ్య పాలలో పొడి ఆపేయమంది. "ఇక దానికదే పెరుగుతోంది. పొడి అవసరం లేదు." ఆఫ్షీన్ కొడుకు పది. సిస్టరు ఈసారి ఏమీ అనలేదు, తల మాత్రం అడ్డంగా ఊపింది. దానికంటే తిట్టినా బాగుండేదేమో. వేదశ్రీ తెచ్చిన మెంతిపొడి సీసాను ఆఫ్షీన్ రెండు చేతులా అందుకుంది.

మూడో రోజు వారం కొలతలు. తూకమయ్యాక పొడుగు, తల చుట్టుకొలత. పొడుగు కొలిచే చెక్క మీద పాపను పడుకోబెట్టి, ఒక సిస్టరు తలను పైచెక్కకు ఆనించి పట్టుకుంటే ఇంకొకామె మోకాళ్ళు నొక్కి, జరిపే చెక్కను పాదాలకు తాకించింది. పాప ఎర్రబడి ఏడ్చింది. అది బలంగా ఏడవడం కూడా వాళ్ళకు ఓ కొలతే. ఇక తలకు టేపు చుట్టాలి. సిస్టరు టోపీ తీసి చూడకుండానే పక్కకు చాపితే వేదశ్రీ అందుకుంది.

గుప్పిట్లో టోపీ బరువుగా తగిలింది. జరీ కదా, అనుకుంది. అసలు పట్టు జరీ, బరువుండదా మరి? అనుకుని గుప్పిట మూసింది.

డాక్టరు స్రవ్య టేపును రెండోసారి తనే చుట్టింది. "బరువు బాగుంది. ఈ రోజు పాతిక. తల మాత్రం పోయిన వారం ఎంతుందో అంతే ఉంది. పొడుగూ అంతే." కాసేపు పాప వైపు చూస్తూ నిలబడింది. బయట ఇంకో బిడ్డను గాజుపెట్టెలో తీసుకొచ్చి నిలిపారు. మంచం ఖాళీ లేదని సిస్టరు ఎవరికో చెబుతోంది. "సరే. మూడు రోజులూ పెరిగింది. పాలు తాగుతోంది. రేపు పంపిద్దాం. వారంలో తీసుకొచ్చి చూపించండి."

ఆఫ్షీన్ కొడుకు తల కొంచెం పెరిగింది. పొడుగూ పెరిగింది. బరువు పన్నెండు. ఆ సంగతి ఎవరూ పైకి మెచ్చుకోలేదు. ఆఫ్షీన్ మాత్రం వేదశ్రీ చేయి పట్టుకుని, "ముబారక్ అక్కా. మీ అత్తమ్మ మెంతిపొడిల బర్కత్ ఉంది. మావోడికింకా పట్టలేదు," అంది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, ఉగ్గుగిన్నె కడగడానికి పక్కకు తిరిగింది.

ఆ సాయంత్రం ఉప్పుగూడ ఇంట్లో పండగలా ఉంది. రైలు కూత వినిపిస్తే ఎప్పుడూ చిరాకుపడే కోమలవల్లి ఆ రోజు పట్టించుకోలేదు. పాత ధోవతులు ఉతికి పొత్తిగుడ్డలు మడిచింది. ఉయ్యాల చీర కోసం తన మెత్తటి నేత చీర బయటికి తీసింది. రేపు పాపతో పాటే టోపీ కూడా శుభ్రంగా ఉండాలని వేదశ్రీ దాన్ని తనే ఉతుకుదామని పెరట్లోకి తీసుకెళ్ళింది. మగ్గులో నీళ్ళు పోసి, అందులో వేసింది.

గుడ్డ నీళ్ళలో పడితే కాసేపు తేలుతుంది. గాలి బుడగలు పోయాక మెల్లగా దిగుతుంది. టోపీ తేలలేదు. రాయిలా అడుక్కు పోయి, మగ్గు అడుగున టక్కుమంది.

వేదశ్రీ మగ్గులోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత టోపీ తీసి, పిండకుండానే జాకెట్టుకున్న పిన్నీసుతో నల్ల కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. జరీ మడతలోంచి శంఖచక్రాలున్న వెండి బిళ్ళ జారింది. ఇంకో మడతలో రాగి తాయెత్తు. మూడో మడతలో తుప్పు గీకిన గుర్రపు నాడా ముక్క. రోజుకొకటి. నల్లదారం రోజుకో వరస ఎందుకు పెరిగిందో అప్పుడర్థమైంది.

తడి చేత్తోనే వాటిని కొంగులో కట్టుకుని వీధి మలుపులోని వైకుంఠం కిరాణా కొట్టుకు వెళ్ళింది.

"ఇవి కొంచెం తూచన్నా."

వైకుంఠం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "వెండి అమ్మాలంటే పత్తర్‌గట్టీ పోవాలె గదమ్మా. నేను ఉప్పుపప్పు తూచేటోన్ని."

"అమ్ముతలేను. ఎంతున్నయో చెప్పు చాలు."

"అరవై ఐదు. మన మిషిన్ గ్రాము గ్రాము చూపెట్టదు, కొంచెం అటో ఇటో." బిళ్ళను తిప్పి చూసి కళ్ళకద్దుకున్నాడు. "రేపు పాప వస్తుందట గదా? మిఠాయేది మరి?"

ఇరవై, ఇరవై, పాతిక. వేదశ్రీ వాటిని మళ్ళీ కొంగులో కట్టుకుంది. మూడు రోజులూ పెరిగినవి ఇవి. పాప పెరగలేదు. పెరిగిందనుకుని పాలలో పొడి ఆపేశారు.

ఇంటికొచ్చేసరికి రఘునాథ్ స్కూటర్ ఆపుతున్నాడు. గేటు దగ్గరే కొంగు విప్పి చూపించి చెప్పింది. అతను రెండుసార్లు "అంటే?" అన్నాడు. మూడోసారి అనలేదు.

"ఇప్పుడేం జేస్తం?" అన్నాడు చివరికి. "డాక్టరు పంపుతా అన్నది గదా. ఇంట్ల మంచిగ చూసుకుందాం. ఇంటికొస్తే పెరుగుతది. అమ్మ దగ్గరుంటది, నువ్వుంటవు."

"పెరగకుంటే?"

"వారంల పోతం గదా మళ్ళ."

"పెరగని తలకు వారం చాన పెద్దది."

రఘునాథ్ గొంతు తగ్గించాడు. "చెప్తే మా అమ్మ పేరొస్తది వేదా. అందరి ముంగట. ఆ సిస్టరు నోరు నీకు తెల్వదా? అమ్మ ఆ గది గడప మళ్ళ తొక్కుతదా?"

వేదశ్రీ గేటు వేసి పెరట్లోకి నడిచింది. మగ్గులోని నీళ్ళు గులాబీ మొక్కకు పోసి లోపలికి వెళ్ళింది.

గుడి తలుపులు వేసి శ్రీపాద వచ్చాక భోజనాలకు కూర్చున్నారు. పులిహోర, దద్దోజనం, చింతచిగురు పప్పు. కోమలవల్లి కొడుకు ఆకులో రెండుసార్లు నెయ్యి వేసింది. శ్రీపాద అన్నం కలుపుతూ, "పాపను తీసుకొచ్చిన మూడోనాడు మంచి లగ్నముంది. పేరు పెట్టుకుందాం. నలుగురినే పిలుద్దాం, ఎక్కువ మంది వద్దు. పిల్లకు గాలి తగలొద్దు," అన్నాడు. ఆ తర్వాత కోడలి వైపు చూశాడు. "ఏమ్మా, తింటలేవు?"

"పాప రేపు రాదు మామయ్యా," అంది వేదశ్రీ.

రఘునాథ్ ముద్ద చేతిలోనే ఉంచి తల దించుకున్నాడు.

ఆమె కొంగు విప్పి మూడింటినీ నేల మీద, ఆకులకు దూరంగా పెట్టింది. ఎవరినీ నిందించని గొంతుతో, కిరాణా తూకం సంగతి, పాలలో పొడి ఆపిన సంగతి, తల చుట్టూ టేపు పెరగని సంగతి చెప్పింది.

కోమలవల్లి నెయ్యి గిన్నె కింద పెట్టింది. "నేను తూకం పెంచాల్నని పెట్టలేదు," అంది. "వాళ్ళు మణికట్టుది కత్తిరించి పారేసిన్రు. కనబడకుండ పెడితే ఉంటదనుకున్న. ఒకటి చాలదేమో అని ఇంకోటి పెట్టిన. పిల్ల పెరుగుతుందని చెప్తే, పని చేస్తున్నయి గదా అని ఇంకోటి పెట్టిన."

"నాకు తెలుసు అత్తమ్మా."

"గా రాగిది ఖైసర్ బేగం ఇచ్చింది."

"తెలుసు."

"అమ్మా, నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు రఘునాథ్ గబగబా. "టోపీ బరువుంది, మేం చూసుకోలేదు అని చెప్తం. నీ పేరు రాదు. లేకుంటే ఓ పని చేద్దాం, రేపు తీసుకొచ్చుకుని..."

"నోరు మూయి," అంది తల్లి. అరవలేదు. గుర్రపు నాడా ముక్కను వేలితో జరిపి, మళ్ళీ వెనక్కు జరిపింది. "ఆ పిల్ల... ఆఫ్షీన్. కొడుకు పెరుగుతలేడని సిస్టరు దాన్ని తిట్టుడు విన్న బెంచీ మీది నుంచి. ఖైసర్ బేగం నిన్న ఏడ్చింది. 'మీ పోరీ పెరుగుతుంది, మావోడెందుకు పెరగడు, మా పాలల్లనే ఏం లేదా' అని. నేనేమన్ననో తెలుసా? ఓపిక పట్టు, దేవుడున్నడని అన్న. వాడి నెత్తి మీద ఏముండె?"

"ఆసుపత్రి వాళ్ళ ఊలు టోపీ. అంతే."

"అంటే వాడు పెరిగిందంతా వాడిదే."

"వాడిదే అత్తమ్మా. ఈ మూడ్రోజుల్ల ఆ గదిల పెరిగింది వాడే. నేను వాళ్ళమ్మకు మెంతిపొడి తీసుకపోయి ఇచ్చిన, తినమని బుద్ధులు చెప్పిన."

శ్రీపాద ఆకు ముందు నుంచి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

కోమలవల్లి వెండి బిళ్ళ తీసి తుడిచి, కొంగున కట్టుకుంది. రాగి తాయెత్తును విడిగా, ఇంకో కొసన కట్టింది. ఇనుప ముక్కను అక్కడే వదిలేసింది. తర్వాత గరిటె తీసుకుని కోడలి ఆకులో పప్పు వేసింది, చాలన్నా ఆగకుండా.

"తిను. పాలు పడాలె," అంది. "రేపు నేను వస్త లోపటికి. మోచేతుల దాకా కడుక్కుంట. గాజులు తీస్త. డాక్టరమ్మకు నేనే చెప్త, నీ నోటితోని వద్దు, వీడి నోటితోని వద్దు. పొడి మళ్ళ మొదలుపెట్టుమంట. సిస్టరు అనేది అననీ, ఖైసర్ బేగం ముంగటనే అననీ." తర్వాత ఇంట్లో అందరికీ వినబడేలా అంది.

"పిల్లను బోసినెత్తితోనే తూచుమను. అంకె గట్టిగ చదువుమను. ఎంతుంటే అంత, నలుగురూ విననీ."